అమ్మ పోలిక

శనివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నే పాప స్కూల్లో పీటీఎం, అదే పేరెంట్స్-టీచర్ మీటింగ్. బెంగళూరు ట్రాఫిక్‌లో, మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఇరుక్కుని పావుగంట ఆలస్యంగా చేరాం. మిస్ పేపర్ల కట్ట చేతిలో పెట్టి, "మ్యాథ్స్ కొంచెం చూసుకోండి మేడమ్" అంది. కొంచెమా! 25కి 9.

మెట్ల మీద ఎదురింటి బాబు తగిలాడు. పాప సెక్షనే. "ఎన్నొచ్చాయిరా?" అంటే, "పన్నెండు ఆంటీ, పేపర్ టఫ్. సగం క్లాసులో చెప్పనే లేదు" అన్నాడు జంకూ గొంకూ లేకుండా. ఆడలేక మద్దెల ఓడు! పోయినసారి 21 వచ్చినప్పుడు మాత్రం పేపర్ ఊసే లేదు, అంతా వాడి బుర్ర మహిమే. చెప్పేసి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ పోయాడు.

మా పిల్ల ఆటోలో నోరు విప్పలేదు. ఇంటికొచ్చి పేపర్ తీసి చూశా. 2/3కి 1/4 కలిపి 3/7 వేసింది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేసింది. నాలుగు లెక్కల్లోనూ అదే తప్పు, పొల్లుపోకుండా. "ఈ ఒక్కటీ తెలిస్తే అన్నీ వచ్చేసేవి కదే!" అన్నా.

"నాకు లెక్కలు రావమ్మా. నీ పోలికేనని అమ్మమ్మతో ఫోన్లో నువ్వే అన్నావుగా."

పొయ్యి మీద పోపు మాడింది.

మరి కన్నడలో 23 ఎలా వచ్చాయే అంటే, "ఈజీ పేపర్ ఇచ్చారు" అంది. నెల రోజులు వంటగది గట్టెక్కి కూర్చుని ఒత్తులు దిద్దుకుంది ఎవరో మరి.

బి.ఎడ్.లో బట్టీకొట్టిన సైకాలజిస్టు బెర్నార్డ్ వీనర్ గుర్తొచ్చాడు. 1970లలో ఆయన తేల్చిందిదే: వచ్చిన మార్కులకి పిల్లలు ఏ కారణం చెప్పుకుంటారో దాన్ని బట్టే మళ్ళీ పుస్తకం తెరవడమో మూసేయడమో ఉంటుందని. ఆ కారణం నాలో ఉందా బయటుందా, మారేదా మారనిదా, నా చేతిలో ఉందా లేదా? "పోలిక" అంటే లోపలిది, మారనిది, చేతిలో లేనిది. అంతకన్నా పాడు కారణం వెతికినా దొరకదు. అది నేనిచ్చిందే.

రెండో క్లాసు బుడ్డోడు మధ్యలో దూరి, "అక్కా, ఎక్కువసేపు చదివితే తెలివి ఎక్కువైపోద్ది" అన్నాడు. వాడి వయసులో కష్టమూ తెలివీ ఒకటే. ఆ రెండూ వేరని పూర్తిగా తెలిసేసరికి పదకొండు, పన్నెండేళ్ళు వస్తాయని 1978లో జాన్ నికల్స్ అనే ఇంకో సైకాలజిస్టు రాశాడు. పాపకి జూన్‌లో 12 నిండుతాయి.

"ఇంకా కష్టపడు" అనబోయి ఆగా. పరీక్ష ముందు రోజు రెండు గంటలు కూర్చుంది పాపం. కష్టపడినా రాలేదంటే నేను మొద్దునేగా అనుకోదూ?

ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి కొలపాత్రలు, సోల, గిద్ద దించా. "సోలెడు బియ్యం, గిద్దెడు బియ్యం కలిపితే?"

"రెండు."

"రెండు సోలలా, రెండు గిద్దలా?"

గిద్దతో కొలిచి సోలలో పోసింది. నాలుగు పట్టాయి. "అయిదు గిద్దలు!" అని అరిచింది. గచ్చంతా బియ్యమే. ముందు రెండిటినీ ఒకే కొలతలోకి తేవాలన్నది అక్కడ పట్టుకుంది. కాగితం మీద ఇంకో లెక్కిచ్చా. కాసేపు పెన్సిల్ కొరికి 11/12 వేసింది.

"ఈజీ లెక్క ఇచ్చావులే" అంది.

పొద్దున సున్నా పడిన లెక్కే అది.