గిర్మాజీపేట ఇంటికి పోవాలా, వద్దా

మా కిరాయి ఇంటి అగ్రిమెంటు జనవరితో అయిపోతుంది. వరంగల్ గిర్మాజీపేటలో వాళ్ల సొంతింటికే పోదామని మా ఆయన పట్టు. నెలకు పన్నెండు వేలు మిగులుతాయి, అత్తమ్మ ఒంటరిగా ఉండదు. నాకూ ఆ ఇల్లంటే ఇష్టమే. కానీ సంకలో పదహారు నెలల పోరడు ఉన్నాక ఏ ఇల్లు చూసినా ముందు వాడి చేతికి ఏం అందుతుందా అనే చూస్తున్నా.

అది నిజానికి రెండిళ్లు. ముందు భాగం మా ఆయన తాత కట్టించింది: మట్టి గోడలు, టేకు దూలాలు, గూన పెంకలు. వెనక రెండు అర్రలు, వంటిల్లు 1986లో మామయ్య స్లాబు పోయించినవి. నా భయమంతా ముందు భాగం గురించే. 2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నర కూడా కాలేదు, ములుగు దిక్కున 5.3 తీవ్రతతో భూమి కదిలింది కదా. కిరాయింట్లో మా స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. అంతలోనే అత్తమ్మ ఫోను: "ముందర్రల గోడ పలిగింది బిడ్డా."

మొన్న మే నెలలో మా నాన్నకు తెలిసిన ముసలి సుతారిని తీసుకుపోయాం. ఆయన ఆ పగులుకు అడ్డంగా మూడు చోట్ల సన్నని గాజు ముక్కలు అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాశాడు. గోడ కదిలితే గాజు విరుగుతుందట. వానాకాలం మొత్తం పోయింది. మూడూ అట్లనే ఉన్నాయి.

పోయిన ఆదివారం మళ్లీ వచ్చి, ముందు గోడను ఒక్క చూపు చూసి సరాసరి వంటింట్లోకి నడిచాడు. కర్రతో స్లాబు కింద తట్టుకుంటూ పోతుంటే ఒక మూల డొల్ల చప్పుడు వచ్చింది. ఇంకోసారి తడితే చాటంత పెచ్చు ఊడి పొయ్యి గట్టు మీద పడింది. లోపల సలాకలు తుప్పుతో పొరలు పొరలుగా ఉబ్బి ఉన్నాయి. పైన ట్యాంకు ఏళ్ల తరబడి పొర్లిన నీళ్లు దిగి ఇనుము తుప్పు పట్టింది. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటును బయటికి నెడుతుంది. మేమంతా గట్టిదనుకున్న భాగం ఇదీ!

కరెంటు సంగతి ఇంకా అన్యాయం. ప్లగ్గుల్లో మూడో రంధ్రం ఉంది, దానికి వైరే లేదు. ఇంటికి ఎర్తింగే లేదు. కూలర్ జివ్వుమంటదని అత్తమ్మ చెప్పులేసుకొని ముట్టుకుంటుంది, అదో అలవాటు. ఫ్యూజు ఎక్కువ కరెంటు లాగితేనే కాలుతుంది. మనిషి ప్రాణం పోవడానికి అంత అక్కర్లేదు. 30 మిల్లీయాంపులు లీకైతే చాలు, తనంతట తనే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టాలని, వైరింగు మొత్తం మార్చాలని ఎలక్ట్రీషియన్ ముప్పై ఎనిమిది వేలు చెప్పాడు.

ఇక కిటికీలు. ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు, ఎన్ని పూతలో. మావాడికి పళ్లు వస్తున్నాయి, దొరికిన చువ్వనల్లా కొరుకుతున్నాడు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదనే నియమం 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందటి పూతల్లో సీసం ఉందనే అనుకోవాలి. పెయింటర్ గరుకు కాగితంతో గీకుతానంటే వద్దన్నాను, ఆ దుమ్మే అసలు విషం. ఊడిన చోట తడిపి తీసి, మీద కొత్త రంగు వేయమన్నాను.

"మేమంతా ఈడనే పెరిగినం, మాకేమైంది?" అన్నాడు మా ఆయన.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "ఏం కాలేదారా? బాయి గట్టు మీంచి పడి గదుమ పలగలేదా? మూడు కుట్లు ఎవలకు పడ్డయి?"

బావికి ఇనుప జాలీ మూత ఆ సాయంత్రమే ఆర్డరిచ్చాం.

చివరికి ఒప్పుకున్నదేమంటే: వైరింగు, కిటికీలు అయ్యాకే సామాను దింపాలి. ఉండేది ముందు అర్రల్లోనే, వంట వసారాలో. ట్యాంకు ఖాళీ చేసి, స్లాబు కింద జాకీలు పెట్టించి, బాగు చేయించేదాకా వెనక భాగానికి తాళం. మూడు నెలల కిరాయి వైరింగుకే పోయిందని మా ఆయన ఇంకా గొణుగుతున్నాడు.

వంటింటికి తాళం అనగానే అత్తమ్మ మొహం మాడింది. నలభై ఏళ్లు వండిన చోటు మరి. నిన్న పోయి చూస్తే మామిడికాయ తొక్కు జాడీలన్నీ తనే ముందర్రలోకి మోసుకొచ్చింది. పలిగిన గోడ కిందనే, గాజు ముక్కలకు సరిగ్గా దిగువన, వరసగా పేర్చి పెట్టింది.