తలుపు దగ్గర తంటా
కారు వెనక తగిలించుకునే సామాను ట్రైలర్ ఒకటి ఆర్డరిచ్చి చేయించుకుందామని, షెడ్డులో నమూనా ట్రైలర్‌ని మూడోసారి కొలిచా. లోపల ఎత్తు 78 అంగుళాలు, భేష్. కానీ వెనక ర్యాంపు తలుపు దగ్గర పైనున్న అడ్డ కమ్మీ 4 అంగుళాలు మింగేసింది. మా బీరువా అక్కడే ఇరుక్కునేది!

ఇంతకీ ఆర్డరు ఫారంలో నేను మొదట టిక్కు పెట్టింది దేనికి? రంగుకి. కొట్టేశా.

రెండు ఇరుసులు, బ్రేకులు, నేలకి సామాను కట్టే కొక్కేలు... ఇవి చకచకా తేలిపోయాయి. పేచీ అంతా పక్క తలుపుతోనే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బండికి తగిలించే కొక్కెం మీద పడాలి, లేదంటే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది. అంటే బరువైనవి ఇరుసులకి కాస్త ముందుండాలి. నేను తలుపు గీసింది సరిగ్గా అక్కడే.

రబ్బరుతో చెరిపి, మళ్ళీ టేపు తీశా.