నాలుగు గంటల పని, పూర్తి రోజు జీతం

జడ్చర్ల దగ్గర మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో నేను ప్యాకింగ్ సెక్షన్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. 2023లో మా బ్లిస్టర్ మెషీన్ (మాత్రలను ఫాయిల్ స్ట్రిప్పుల్లో సీలు చేసేది) ఆపరేటర్‌కు ప్రమాదం జరిగింది. ఫాయిల్ ఇరుక్కుంటే మెషీన్‌కు రక్షణగా ఉండే గార్డు తలుపు తెరిచి లాగబోయాడు. కుడిచేయి రోలర్ల మధ్యకు పోయింది. చూపుడువేలు పై కణుపు పోయింది, మధ్యవేలు ఆపరేషన్ తర్వాత బిగుసుకుపోయింది. తలుపు తెరవగానే మెషీన్‌ను ఆపాల్సిన సెన్సర్ అప్పటికి రెండు వారాలుగా పనిచేయడం లేదు. ఆ సంగతి రిజిస్టర్‌లో రాశాను గానీ మెషీన్ ఆపించలేదు. ఆ రాత్రి షిఫ్ట్ నాదే. అతను మళ్లీ పనిలో నిలదొక్కుకునేదాకా నాకు నిద్ర పట్టలేదంటే అందుకే.

వైద్యం సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో. అతని నెల జీతం అప్పటి పరిమితి 21 వేల లోపే కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంది. డ్యూటీలో దెబ్బ తగిలితే, డాక్టరు పని చేయలేడని రాసినన్నాళ్లూ సగటు కూలిలో 90 శాతం వస్తుంది. ఆ డబ్బుతో ఇల్లు గడిచింది. ఫిజియోథెరపీలో వేడి మైనంలో చెయ్యి ముంచి వేళ్లు వంచేవారు. ఇంటి దగ్గర మాత్రం వాళ్లమ్మ పళ్లెంలో చింతగింజలు పోసి ముందర పెట్టేది. ఒక్కొక్కటి ఏరి చెంబులో వెయ్యాలి. నేను చూడటానికి వెళ్లిన రోజు పదకొండు గింజలు వేసేసరికి అతని నుదుటి నిండా చెమట.

నాలుగో నెలలో ఫిట్ సర్టిఫికెట్ వచ్చింది. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. మొదట్లో రోజుకు నాలుగు గంటలకు మించి వద్దని థెరపిస్ట్ చెప్పారు. కానీ ఈఎస్ఐ లెక్కలో సగం రోజు అనేది లేదు. పనిచేసి జీతం తీసుకున్న రోజుకు అక్కడి డబ్బు రాదు. మా ఆఫీసు వాళ్లేమో నాలుగు గంటలకు నాలుగు గంటల జీతమే అన్నారు. ఇన్నాళ్లూ ఇంట్లో ఉంటే 90 శాతం వచ్చింది, ఇప్పుడు కష్టపడి వస్తే సగం. అలాగైతే ఎవరొస్తారు? మేనేజర్ దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. కొత్త మనిషికి ఆ మెషీన్ నేర్పించడానికి ఎన్ని నెలలు పడుతుందో, అందాకా లైన్‌లో ఎంత సరుకు తగ్గుతుందో కాగితం మీద రాసి చూపించాను. చివరికి ఆరు వారాలకు ఒప్పుకున్నారు: రెండు వారాలు నాలుగు గంటలు, రెండు వారాలు ఆరు, ఆ తర్వాత ఎనిమిది. జీతం మాత్రం మొదటి రోజు నుంచీ పూర్తిగా.

మొదటి రోజు నేనొక తప్పు చేశాను. జాలితో స్టూల్ వేసి కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, అందరూ పని చేస్తుంటే నేను బొమ్మలెక్క కూసున్న. రేపటి నుంచి రాను" అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆపరేటర్ ఒక షిఫ్ట్‌లో చేసే పనులన్నీ నోట్‌బుక్‌లో రాశాం. 23 తేలాయి. ఏది చేయగలడో నేను చెప్పబోతే ఆపాడు, తనే టిక్కులు పెట్టాడు. నాకు తేలిక అనిపించిన కార్టన్ మడతే అతనికి అన్నిటికన్నా కష్టం. అట్ట అంచు ఆ మొండి వేలికి తగిలితే కరెంటు కొట్టినట్టు ఉంటుందట. లీక్ టెస్ట్ మాత్రం చక్కగా చేశాడు. స్ట్రిప్పులను నీలిరంగు నీళ్లలో పెట్టి, వ్యాక్యూమ్ పట్టి, తీసి తుడిచి, లోపలికి రంగు దిగిందా అని చూడాలి. తడి స్ట్రిప్పు పట్టుకోవడం వేళ్లకు మంచి కసరత్తు కూడా. గ్లవ్స్ ఇంకో సమస్య. చూపుడువేలి చోట ఖాళీ కొస వేలాడి అట్టల్లో ఇరుక్కునేది. ఒక సైజు చిన్నవి తెప్పిస్తే సరిపోయింది.

మధ్యలో వాళ్ల ఇంటావిడ ఫోన్ చేసింది. "అన్నా, డ్యూటీకి పోతే వేలుకిచ్చే పెన్షన్ రాదంటున్నరు, నిజమేనా?" ఊళ్లో ఎవరో భయపెట్టారు. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి కనుక్కుని వచ్చి చెప్పాను. సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది, దాన్నిబట్టి నెలనెలా వచ్చే డబ్బు పనిచేస్తున్నా ఆగదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది ఇళ్లలో ఉండిపోతున్నారో అనిపించింది.

ఏడో వారం అతనే అడిగాడు మెషీన్ మీదికి పోతానని. అంతకుముందు ఆ చప్పుడు మొదలైతే చాలు, కుడిచేయి వెనక్కి దాచుకునేవాడు. సెన్సర్ అప్పటికే మార్పించాం. అయినా అతను నమ్మలేదు. నడుస్తున్న మెషీన్ తలుపు తనే తెరిచాడు, ఆగింది. మూశాడు, నడిపించి మళ్లీ తెరిచాడు, ఆగింది. అలా అయిదుసార్లు చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఆరోసారి తలుపు మూసి, మధ్యవేలితో పచ్చ బటన్ నొక్కాడు. "ఇగ మీరు పోండన్నా" అన్నాడు.