మా సెంటర్ బాగుపడడానికి 18 నెలలు పట్టింది

మాది కోస్తాలో ఒక మున్సిపాలిటీ. రాష్ట్ర రహదారి, బస్టాండ్ రోడ్డు కలిసే చోటును అందరం సెంటర్ అనే అంటాం. అక్కడ అమ్మాయిల జూనియర్ కాలేజీకి ఎదురుగా పద్నాలుగేళ్ళ నుంచి జిరాక్స్ షాపు నడుపుతున్నాను. కౌంటర్‌లో కూర్చుంటే నాలుగు వైపులా రోడ్డు కనిపిస్తుంది.

ఒక ఉదయం రిటైరైన మాస్టారు ఒకరు పెన్షన్ కాగితాలు జిరాక్స్ తీయించుకుని, చిల్లర లెక్కపెట్టుకుని, మెట్లు దిగారు. ఇసుక టిప్పర్ ఒకటి ఎడమకి తిరిగింది. ఆ మూల బాగా గుండ్రంగా, విశాలంగా ఉండేది. బ్రేక్ మీద కాలు పెట్టకుండానే తిరిగిపోవచ్చు. పొడవైన బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి వస్తాయి. ముందు చక్రం తప్పించుకున్న మనిషి వెనక చక్రానికి దొరుకుతాడు. మాస్టారి కుడి కాలికి అదే జరిగింది. నేనిచ్చిన కాగితాలు రోడ్డంతా ఎగురుతున్నాయి.

జనం మూగారు కానీ ఎవరూ ముట్టుకోలేదు. "మనమీద కేసవుతుందేమో అమ్మా" అన్నాడు ఆటో తమ్ముడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, సాయం చేసినవాళ్ళకు రక్షణగా 134ఎ సెక్షన్ చేర్చారు. సాయపడినవాళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. అదే అతనికి చెప్పి 108కి ఫోన్ చేశాను. మాస్టారు బతికారు. మోకాలి కింద కాలు తీసేశారు.

సోమవారం కలెక్టరేట్‌కి వెళ్ళి అర్జీ ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే అందులో రాసింది ఒక్క వాక్యం: మా సెంటర్‌లో స్పీడ్ బ్రేకర్ వేయించగలరు. మూడు వారాలకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. నిజంగానే రాత్రికి రాత్రి ఎవరో తారు కుప్ప పోసి వెళ్ళారు. మూరెడు వెడల్పు, మోకాలికి సగం ఎత్తు, రంగు లేదు, బోర్డు లేదు. మొదటి వారంలోనే దాని మీద ఎగిరి ఇద్దరు పడ్డారు. రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ నియమాల్లో స్పీడ్ బ్రేకర్‌కి కొలతలు ఉంటాయని నాకప్పుడే తెలిసింది. 10 సెంటీమీటర్ల ఎత్తుకి 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. నేను అడిగింది తప్పు కాదు, అడిగిన పద్ధతి చాల్లేదు. పనీ నేనే చెప్పి, మందూ నేనే రాసి ఇచ్చాను. రోగం ఏమిటో ఎవరూ చూడలేదు.

రెండోసారి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి, గత మూడేళ్ళలో ఈ సెంటర్‌లో నమోదైన ప్రమాదాలెన్ని, చనిపోయినవాళ్ళెందరు, గాయపడ్డవాళ్ళెందరు అని అడిగాను. నెల లోపే జవాబు వచ్చింది. మూడేళ్ళు అని అడగడానికి కారణం ఉంది. జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్‌ను, అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటును, తేల్చేది ఆ లెక్కతోనే: సుమారు 500 మీటర్ల లోపల, మూడేళ్ళలో ప్రాణం పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు 5, లేదంటే 10 మరణాలు. మాది రాష్ట్ర రహదారే. అయినా ఆ కొలతకి మా సెంటర్ సరిపోయింది. ఆ కాగితం జతచేసి ఈసారి అర్జీని జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి రాశాను. ప్రతి జిల్లాలోనూ ఈ కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కలెక్టర్ అధ్యక్షులు. పోలీసులు, రోడ్ల శాఖ, రవాణా శాఖ ఒకే బల్ల ముందు కూర్చుంటారు. అంతకుముందు ఒక్కో ఆఫీసూ ఇది మా పరిధి కాదని పక్క ఆఫీసుని చూపించేది. ఆ కమిటీకి రాశాక ఆ మాట ఎవరూ అనలేదు. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ముందు అక్కడికే రాయమంటాను.

చూడడానికి వచ్చిన రోడ్ల శాఖ అసిస్టెంట్ ఇంజినీరు, ఏఈ గారు, షాపులో మంచినీళ్ళు తాగుతూ ఒక మాటన్నారు. "బండ్లు ఎన్ని పోతున్నాయో మా దగ్గర లెక్కుందమ్మా. మనుషులు ఎంతమంది దాటుతున్నారో మాత్రం ఎవరూ రాయలేదు."

మర్నాటి నుంచి నేను రాశాను. రూళ్ళ నోటుబుక్కులో నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. కాలేజీ పిల్లలు ఇద్దరు సాయం కూర్చున్నారు. వారం రోజులు, ఉదయం ఎనిమిది నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. పద్నాలుగేళ్ళు చూసిన రోడ్డే, కానీ గీతలు గీశాకే అర్థమైంది. పాత జీబ్రా గీతల దగ్గర దాదాపు ఎవరూ దాటడం లేదు. జనమంతా ముప్ఫై అడుగుల అవతల, ఆగిన బస్సు ముందు నుంచి దాటుతున్నారు. దిగిన చోటే కదా దాటుతారు! బస్సు చాటున ఉన్న మనిషి వెనకొచ్చే బండికి కనిపించడు. రెండోది, మా వైపు నడిచేవాళ్ళు తారు అంచు దిగి రోడ్డు మీదే నడుస్తున్నారు. ఎందుకంటే పక్కన నడిచే చోటు లేదు. అక్కడ షాపుల మెట్లున్నాయి. నా మెట్లు కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాస్టారు ఆ రోజు నా మెట్లు దిగి నేరుగా తారు మీదే అడుగు పెట్టారు. మధ్యలో మరో అడుగు చోటుంటే!

కొలతలు తీయడానికి వచ్చినప్పుడు ఎర్ర రంగు గీత నా షట్టర్‌కి జానెడు దూరంలో పడింది. ఫుట్‌పాత్‌కి 1.8 మీటర్లు ఖాళీగా వదలాలి, ఆ గీత దాని లెక్కే. నేను ఒప్పుకుని సంతకం పెట్టాను. పక్క కిరాణా కొట్టు అన్నయ్య మూడు నెలలు నాతో మాట్లాడలేదు. "మంచి పని చేశాననుకుంటున్నావేమో, మా కొట్టు ముందు కూడా తవ్వించావు" అన్నాడు. అతని బాధ అబద్ధం కాదు. బియ్యం బస్తాలు దించేది ఆ అరుగు మీదే. తర్వాత పొద్దున ఏడు లోపు సరుకు బండి ఆపుకోవడానికి చోటు అడిగి ఇప్పించాం. అది మొదటే ఆలోచించాల్సింది. నేను ఆలోచించలేదు.

పని మొదలైన రోజు జేసీబీ నా కడప బండ మెట్లని మూడు దెబ్బల్లో లేపేసింది. ఆ తర్వాత ఐదు నెలలు దుమ్ము. జిరాక్స్ మిషన్ అద్దం గంటకోసారి తుడిచేదాన్ని, అయినా ప్రతి కాపీ మీదా సన్నటి చారలే. బేరం సగానికి పడిపోయింది. అన్నిటికన్నా భయపడింది కాలవ కోసం తవ్విన గుంట చూసి. అడ్డుగా ఒక తాడు కట్టి వదిలేశారు. రాత్రి బైక్ మీద వచ్చిన కుర్రాడు అందులో పడ్డాడు. చెయ్యి విరిగింది, అంతే, అదృష్టం. ఆ రాత్రే మేం నలుగురం వినాయక చవితి సీరియల్ బల్బులు తెచ్చి గుంట చుట్టూ కట్టాం. తెల్లారి ఫొటోలు తీసి ఏఈ గారికి పంపాను. సాయంత్రానికి మెరిసే స్టిక్కర్లున్న బారికేడ్లు వచ్చాయి. భద్రత కోసం చేసే పనిలోనే మనిషి పడితే ఆ పనికి అర్థం ఏముంది? ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అయిన పని ఇది. గుండ్రటి మూలని ముందుకు జరిపి ఇరుకు చేశారు. ఇప్పుడు టిప్పర్ దాదాపు ఆగి తిరగాల్సిందే. బస్టాప్‌ని సెంటర్ దాటాక పెట్టారు. జనం ఇప్పుడు బస్సు వెనక నుంచి దాటుతారు. రోడ్డు మధ్యలో నిలబడడానికి ఒక దిమ్మె కట్టారు. ఒకేసారి రెండు వైపులా చూడక్కర్లేదు, సగం దాటి ఆగొచ్చు. మలుపుని కప్పేసే ఫ్లెక్సీలన్నీ తీసేశారు. పాత తారు కుప్ప పోయి, కొలతల ప్రకారం బ్రేకర్లు వచ్చాయి.

జీబ్రా గీతలు వేసిన రాత్రి షాపు మూయలేదు. తెల్లటి పొడిని బాయిలర్‌లో మరిగించి, పాకంలా కరిగాక చిన్న బండిలో పోసి లాగుతారు. వేడి సెగ నా కౌంటర్ దాకా తగిలింది. గీత ఆరక ముందే దాని మీద సన్నటి గాజు పూసలు చల్లారు, పంచదార చల్లినట్టు. అప్పుడే దూరంగా ఒక బైక్ లైటు పడింది. గీతలన్నీ ఒక్కసారి వెలిగాయి. బైకు స్లో అయింది. ఎందుకో కళ్ళనీళ్ళు వచ్చాయి.

రెండు వారాల తర్వాత మాస్టారు వచ్చారు, వాకర్‌తో. ముందే ఫోన్ చేశారు కాబట్టి ఎదురు చూస్తున్నాను. సగం దాటారు, దిమ్మె దగ్గర ఆగారు, మళ్ళీ దాటారు. ఫుట్‌పాత్ దగ్గరికొచ్చి ఆగిపోయారు. అంచున పెట్టిన కర్బ్ రాయి జానెడు ఎత్తుంది. వాకర్ ఎత్తి పైన పెట్టాలంటే ఒక్క కాలి మీద నిలబడాలి. "ఇక్కడిదాకా బానే ఉందమ్మా" అన్నారు. నేనూ, కిరాణా అన్నయ్యా చెరో వైపు పట్టుకుని ఎక్కించాం. 18 నెలల్లో ఎన్ని కాగితాలు రాశానో, ఈ ఒక్క మాట రాయడం మర్చిపోయాను.

మళ్ళీ అర్జీ రాశాను. ఈసారి కొలతతో సహా: ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు చొప్పున వాలు. మూడు మూలల్లో రాయి కోసి ర్యాంపు చేశారు. నాలుగో మూలలో సరిగ్గా దారికడ్డంగా కరెంటు స్తంభం ఉంది. దాన్ని జరపాలని విద్యుత్ శాఖకి రాసిన లేఖ రసీదు నోటుబుక్కులోనే, గీతలు గీసిన పేజీల మధ్య పెట్టుకున్నాను. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్ళాలి.