పాత ల్యాప్‌టాప్, డెబియన్ 12, గ్రాఫిక్స్ తిప్పలు: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందంటే

శనివారం

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ల్యాప్‌టాప్ ఇది. ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్, ఇంటెల్ యూహెచ్‌డీ 620, దానికి తోడు చిన్న ఎన్‌విడియా ఎంఎక్స్150. డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి నెలైంది. యూట్యూబ్‌లో 1080పీ వీడియో పెడితే చాలు, వంటింట్లోంచి అమ్మ "ఇప్పుడు మిక్సీ ఎవరేశార్రా" అని అడిగేంత ఫ్యాన్ చప్పుడు. ఎండల మీద నెట్టేసి ఇన్నాళ్ళూ గడిపేశా కానీ, ఈ రోజు టాప్ కమాండ్‌లో ఫైర్‌ఫాక్స్ 350 శాతం దాటి సీపీయూని (ఒక్కో కోర్‌కి 100 లెక్కన) తినడం కళ్ళారా చూశాక ఇక కూర్చోక తప్పలేదు.

మీసా-యుటిల్స్ ప్యాకేజీ వేసి జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో నడిపితే, బొమ్మ ఎవరు గీస్తున్నారో చెప్పే రెండరర్ వరుసలో ఎల్ఎల్‌వీఎంపైప్ అని వచ్చింది. అంటే గ్రాఫిక్స్ చిప్ ఖాళీగా కూర్చుంది, తెర మీద ప్రతి గీతా సీపీయూనే గీస్తోంది. డ్రైవర్ సరిగ్గా పడలేదేమోనని మీసా (గ్రాఫిక్స్ డ్రైవర్ల ప్యాకేజీ) తీసేసి మళ్ళీ వేశా, ఫర్మ్‌వేర్ ఉందో లేదో చూశా (ఉంది), కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) కూడా మార్చి చూశా. రెండు గంటలు పోయాయి. చివరికి బూట్ ఆప్షన్లు చూస్తే తోకలో నోమోడ్‌సెట్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టే మాట! ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడిందని నేనే పెట్టి, తర్వాత గ్రబ్ (బూట్ మెనూ) ఫైల్లో కూడా నేనే రాసుకున్నా. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

తీసేస్తే మళ్ళీ నల్ల తెర వస్తుందేమోనని టెన్షన్. అందుకే నేరుగా ఫైల్ ముట్టుకోలేదు. బూట్ మెనూలో ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కి, ఆ ఒక్క పదం చెరిపి, కంట్రోల్-ఎక్స్ కొట్టా. అలా చేస్తే మార్పు ఆ ఒక్క బూట్‌కే, తేడా వస్తే రీస్టార్ట్ చేస్తే సరి. తెర మామూలుగానే వచ్చింది, రెండరర్ దగ్గర యూహెచ్‌డీ గ్రాఫిక్స్ 620 అని కనిపించింది. అప్పుడు ఫైల్లో కూడా తీసేసి అప్‌డేట్-గ్రబ్ నడిపా. విండోలు లాగుతుంటే వెన్నలా కదులుతున్నాయి.

ఆదివారం

ఫ్యాన్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. బొమ్మ గీయడం వేరు, వీడియో విప్పడం వేరు. చిప్‌లో వీడియోకి విడిగా ఓ భాగం ఉంటుంది, లినక్స్‌లో దాన్ని వాడుకునే దారి వీఏ-ఏపీఐ. ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్ వేసి వీఏఇన్ఫో నడిపితే హెచ్264, హెచ్‌ఈవీసీ, వీపీ9 అనే కోడెక్‌ల (వీడియోని కుదించే పద్ధతుల) పేర్ల పక్కన వీఎల్‌డీ అని వచ్చింది. వీఎల్‌డీ ఉంటే చిప్ దాన్ని డీకోడ్ చేయగలదని, అంటే విప్పగలదని అర్థం. నాన్-ఫ్రీ (సోర్స్ కోడ్ పూర్తిగా తెరిచి లేని) రకం కూడా ఒకటుంది గానీ అది ఎన్‌కోడింగ్ (వీడియో కుదించడం) చేసేవాళ్ళకి, నాలా చూసి ఊరుకునేవాళ్ళకి మామూలుదే చాలు.

ఎంపీవీ ప్లేయర్‌లో హెచ్‌డబ్ల్యూడెక్ (హార్డ్‌వేర్ డీకోడింగ్) విలువ ఆటో-సేఫ్ అని పెట్టి, వీడియో ఆడుతుండగా 'i' నొక్కితే పైన వీఏఏపీఐ అని కనిపించింది. హమ్మయ్య అనుకుని యూట్యూబ్‌కి వెళ్తే మళ్ళీ అదే మిక్సీ! ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఇంటెల్ చిప్‌లకి ఈ వసతి దానంతటదే ఆన్ అయి ఉంటుంది, మరి నాకేం వచ్చింది? వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ చూస్తే కోడెక్ దగ్గర ఏవీ01, అంటే ఏవీ1 అని ఉంది. అదన్నమాట సంగతి. ఏవీ1 విప్పే హార్డ్‌వేర్ ఇంటెల్‌లో 11వ తరం టైగర్ లేక్‌తో వచ్చింది, నాది 8వ తరం. ఎబౌట్ కాన్ఫిగ్‌లో మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేస్తే యూట్యూబ్ వీపీ9కి దిగొచ్చింది. ఇంటెల్ జీపీయూ టాప్‌లో అప్పటిదాకా సున్నా దగ్గర పడుకున్న వీడియో గీత లేచి కూర్చుంది. ఫైర్‌ఫాక్స్ 50 శాతం లోపుకి పడింది, బ్యాటరీ మీద 22 వాట్లు తాగేది 11కి వచ్చింది. అమ్మ అడగడం మానేసింది.

బుధవారం రాత్రి

బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) కోసం ఎన్‌విడియా వంతు. ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి తేవాలో చెప్పే సోర్స్ లిస్ట్‌లో కాంట్రిబ్, నాన్-ఫ్రీ చేర్చి, ముందు కెర్నెల్ హెడర్లు, తర్వాత ఎన్‌విడియా-డ్రైవర్. రీబూట్ చేసి మాడ్యూల్ (కెర్నెల్‌లో చేరే డ్రైవర్ ముక్క) లోడ్ చేయబోతే కీ వాజ్ రిజెక్టెడ్ అంది. సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేని కోడ్‌ని ఆపే కాపలా) ఆన్‌లో ఉంది కదా, ఇక్కడే కట్టిన మాడ్యూల్‌ని అది నమ్మదు. మాడ్యూళ్ళు కట్టే డీకేఎంఎస్ తయారుచేసిన మోక్.పబ్ అనే తాళంచెవి ఫైల్‌ని మోక్‌యుటిల్‌తో ఇంపోర్ట్ చేస్తే ఓ పాస్‌వర్డ్ అడుగుతుంది. రీబూట్ కాగానే నీలం తెర వచ్చి, ఏదో ఒక కీ నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. నేను ఆ పది సెకన్లలో మంచినీళ్ళకి లేచా. తిరిగొచ్చేసరికి లాగిన్ తెర. మళ్ళీ ఇంపోర్ట్, మళ్ళీ రీబూట్, ఈసారి కుర్చీ వదల్లేదు. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, ఎస్, పాస్‌వర్డ్, అంతే. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐలో కార్డు పేరు కనిపించింది. పాస్‌వర్డ్ సింపుల్‌గా పెట్టుకోండి, అది ఆ ఒక్కసారికే.

బ్లెండర్‌ని మాత్రం ఆ కార్డు మీద తెరవడానికి ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ వేరియబుల్స్ రెండూ ఓ చిన్న స్క్రిప్ట్‌లో పెట్టుకున్నా. మిగతాదంతా ఇంటెల్ మీదే.

మిగిలింది ఒకటే. బ్లెండర్ మూసేశాక కూడా ఆ కార్డు పూర్తిగా నిద్రపోవట్లేదు, ఊరికే ఉన్నప్పుడు మూడు వాట్లు ఎక్కువ చూపిస్తోంది. కార్డుని పూర్తిగా ఆపే వసతి ఎన్‌విడియాలో ట్యూరింగ్ తరం నుంచే ఉంది, ఎంఎక్స్150 అంతకు ముందుది. రోజూ వాడేది కాదు కాబట్టి మామూలు రోజుల్లో ఆ మాడ్యూల్‌ని బ్లాక్‌లిస్ట్‌లో (లోడ్ చేయొద్దనే జాబితాలో) పెట్టి చూద్దామని ఉంది. వచ్చే శనివారం కరెంట్ ఉంటే కూర్చుంటా.