కింగ్‌కాంగ్ బొచ్చు ఎందుకు రేగుతుంది

1933 నాటి కింగ్‌కాంగ్‌ను ఈమధ్య మళ్ళీ చూస్తున్నప్పుడు, ఆ భారీ గొరిల్లా ఊరికే నిలబడి చూస్తున్న క్షణాల్లో కూడా దాని ఒంటిమీది బొచ్చు అటూ ఇటూ రేగుతూ ఉండటం గమనించాను. గాలి వీస్తోందేమో అనుకోవచ్చు గాని అక్కడ గాలి లేదు. ఆకాశహర్మ్యం ఎక్కిన ఆ జంతువు చాలా షాట్లలో సుమారు 18 అంగుళాల బొమ్మ మాత్రమే. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన కుందేలు బొచ్చు. విల్లిస్ ఓబ్రయన్ బొమ్మను చేత్తో పట్టుకుని వెంట్రుకవాసి జరిపి, పక్కకు తప్పుకుని, ఒక ఫ్రేము తీసి, మళ్ళీ వచ్చి పట్టుకునేవారు. పట్టుకున్న ప్రతిసారీ వేళ్ల కింద బొచ్చు కొద్దిగా చెదిరేది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తెరమీద ఆడేసరికి ఆ చెదురంతా కలిసి, ఏదో ఆవేశంతో ఒళ్లు గగుర్పొడిచినట్టుగా కనిపిస్తుంది. అంటే ఫ్రేములో ఎక్కడా లేని మనిషి చేతులు బొచ్చు మీద మాత్రం ఉండిపోయాయి.

పనితనం లెక్కన చూస్తే అది లోపమే, సందేహం లేదు. అయితే 2009లో ఫెంటాస్టిక్ మిస్టర్ ఫాక్స్ తీసినప్పుడు దర్శకుడు వెస్ యాండర్సన్ అదే లోపాన్ని కోరి తెచ్చుకున్నారు; నక్క బొమ్మల బొచ్చు ఫ్రేము ఫ్రేముకీ రేగుతూనే ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఒకనాడు తప్పించుకోలేక మిగిలిపోయిన పొరపాటు, డెబ్భై ఆరేళ్ల తరవాత ఏరికోరి తెచ్చుకునే గుణం ఎలా అయిందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

పాత సినిమాల మీద మమకారమే దీనికి కారణమని చాలామంది తేల్చేస్తారు. నాకు ఆ మాట ఒప్పుదల కాదు, ఎందుకంటే పాతవన్నీ బాగుండవు. రబ్బరు తొడుగు మెడ దగ్గర ముడతలు పడి, లోపలి మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా తెలిసిపోయే రాక్షసులను మనమందరం చూశాం, నవ్వుకున్నాం. గ్రాఫిక్స్ అంటే శ్రమ లేని పని అనుకోవడం కూడా అన్యాయమే. తేడా శ్రమలో లేదు, ఆ శ్రమ వెనక్కి తిరగలేకపోవడంలో ఉంది. కంప్యూటర్లో చేసిన కదలికను రేపు సరిదిద్దుకోవచ్చు. బొమ్మను ఇలా ఫ్రేము ఫ్రేముకీ చేత్తో జరిపి తీసే స్టాప్ మోషన్‌లో యాభయ్యో ఫ్రేము దగ్గర బొమ్మ కాలు జారితే, అంతకుముందున్న భంగిమను అచ్చంగా తిరిగి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ఆ కదలికలో నటుడి నటనలో ఉండే తెగింపు లాంటిది ఉంటుంది.

రే హ్యారీహౌసెన్ పనిచేసిన జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్ (1963)లో ముగ్గురు మనుషులు ఏడు అస్థిపంజరాలతో కత్తియుద్ధం చేస్తారు. నటులు ముందుగా శూన్యంలోకి కత్తులు ఝళిపించగా చిత్రీకరించి, ఆ దృశ్యాన్ని చిన్న తెరమీద ఒక్కో ఫ్రేముగా నిలిపి, దాని ముందు ఆయన బొమ్మలను నడిపించారు. ప్రతి ఫ్రేముకూ ఏడు బొమ్మల తలలు, చేతులు, కాళ్లు, కత్తులు, డాళ్లు విడివిడిగా జరపాలి. ఏ చెయ్యి పైకి లేస్తోందో, ఏది దిగుతోందో అంతా మనసులోనే గుర్తుంచుకోవాలి. నాలుగైదు నిమిషాలైనా లేని ఆ పోరాటానికి నాలుగు నెలలకు పైగా పట్టింది.

ఈ పద్ధతిలో కన్ను వెంటనే పసిగట్టే అసహజత్వం ఒకటుంది. నిజంగా పరిగెత్తే మనిషి ఒక్కో ఫ్రేములో కాస్త అలికినట్టు పడతాడు, కదలకుండా ఉంచి తీసిన బొమ్మ మాత్రం ప్రతి ఫ్రేములోనూ స్పష్టంగా ఉంటుంది. ఆ స్పష్టత వల్లే నడక గతుకుగతుకుగా అనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికి 1981లో వచ్చిన డ్రాగన్‌స్లేయర్ కోసం ఫిల్ టిప్పెట్ తదితరులు, బొమ్మ కూడా కాస్త అలికినట్టు పడేలా, కెమెరా షట్టర్ తెరిచి ఉన్న క్షణంలోనే మోటార్లకు బిగించిన కడ్డీలతో డ్రాగన్‌ను కదిలించారు. జురాసిక్ పార్క్ (1993) కూడా మొదట ఆ దారిలోనే తీయాలనుకున్నారు గాని, కంప్యూటర్ డైనోసార్ల పరీక్షా దృశ్యాలు చూశాక మనసు మార్చుకున్నారు. అయినా టిప్పెట్‌ను వదులుకోలేదు. బొమ్మ అస్థిపంజరానికి సెన్సార్లు అమర్చి, దాన్ని పాత పద్ధతిలో చేత్తో జరిపితే కంప్యూటర్లోని డైనోసార్ అలాగే కదిలే ఏర్పాటు చేశారు. చేతి విద్య పోలేదు, గూడు మారిందంతే. అదే సినిమాలో స్టాన్ విన్‌స్టన్ బృందం తయారుచేసిన నిలువెత్తు టి-రెక్స్ డైనోసార్ యంత్రపు బొమ్మ మరో రకం కష్టం తెచ్చిపెట్టింది: వాన సన్నివేశంలో దాని ఫోమ్ చర్మం నీళ్లు పీల్చుకుని బరువెక్కి, యంత్రం వణకడం మొదలుపెడితే, టేకుకూ టేకుకూ మధ్య దాన్ని తువ్వాళ్లతో తుడిచి ఆరబెట్టవలసి వచ్చింది. ఆ చర్మం మీద జారే వాన నిజంగా తడిపే వాన కాబట్టే, ఆ దృశ్యం నాకు ఇప్పటికీ పాతబడలేదేమో.

చదివింది చాలక, ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ను పుస్తకాల దొంతర మధ్య ఇరికించి, బొటనవేలంత మట్టిమనిషిని నాలుగు సెకన్లపాటు నడిపించే ప్రయత్నం చేశాను. సెకనుకు 12 చొప్పున 48 ఫోటోలు, దాదాపు రెండు గంటలు. ఈలోగా కిటికీలోంచి పడే ఎండ జరిగిపోవడంతో నా మట్టిమనిషి నాలుగు సెకన్లలో మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి నడిచి వెళ్లాడు. ఎడమకాలు ఒకచోట రెండుసార్లు వరసగా పడింది. ముప్ఫయ్యో ఫోటో దగ్గర కాలు జరుపుతుంటే నా చొక్కా చెయ్యి తగిలి వాడి తల ఓ పక్కకు తిరిగిందని అప్పుడు గమనించనే లేదు. అంతా కలిపి ఆడిస్తే, కుంటుకుంటూ పోతున్న మనిషి ఉన్నట్టుండి, వెనక ఎవరో పిలిచినట్టు తల తిప్పి చూశాడు. ఎండనూ ఎడమకాలినీ సరిచేసి మళ్ళీ తీద్దామనుకున్నాను గాని, ఆ తల తిప్పడం రెండోసారి నా చేత కాదని తెలిసి, అలాగే ఉంచేశాను.