ఉప్పు వేయక్కర్లేని ఆకుకూర

2022లో జిల్లాలు మారాక మన తిరుపతి జిల్లాకి సముద్రం కూడా వచ్చింది. ఆదివారం వస్తే నాయుడుపేట మీదుగా వాకాడు వైపు, తూపిలిపాలెం బీచ్‌కి వెళ్లొచ్చేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. అలల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు, కాస్త వెనక్కి తిరిగి ఇసుక మీద పాకే మొక్కల వంక చూసేవాళ్లే తక్కువ. నాకది నిజంగా బాధ, ఎందుకంటే అక్కడ మంచి ఆకుకూర ఉంది.

దాన్ని సీ పర్స్‌లేన్ అంటారు, శాస్త్రీయనామం సెసూవియం పోర్చులకాస్ట్రం. చూడగానే మన గంగవాయిలాకు గుర్తొస్తుంది గానీ రెండూ వేరే కుటుంబాలు. గంగవాయిలాకుకి పసుపు పూలు, దీనికి చుక్కల్లాంటి గులాబీరంగు పూలు, అవీ రోజులో కొన్ని గంటలే విచ్చుకుంటాయి. కాడ ఎర్రగా ఉంటుంది, ఇసుకని తాకిన కణుపు దగ్గరల్లా వేరు దిగుతుంది. ఆకు దళసరి, తుంచితే టప్పుమని విరిగి వేళ్లు తడుస్తాయి, నాలుకకి తగిలేది నేరుగా ఉప్పే. వేర్లు పీల్చిన ఉప్పుని ఈ మొక్క ఆకు కణాల్లోనే దాచి, దాంతోపాటు నీళ్లనీ పట్టి ఉంచుకుంటుంది, ఆకు అంత కండగా ఉండేది అందుకే.

ఫిలిప్పీన్స్‌లో దీన్ని దంపాలిట్ అంటారు, వెనిగర్‌లో ఊరవేసుకుంటారు. నన్నడిగితే మన పులగూరకి ఇంతకంటే బాగా కుదిరే ఆకు లేదు. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయాలి, ఉప్పూ ఆక్సలేట్లూ చాలావరకు వాటితోనే పోతాయి (కిడ్నీలో రాళ్లు, బీపీ ఉన్నవాళ్లు అయినా దీని జోలికి పోకపోవడమే మంచిది). తర్వాత సిర్రాకు (తోటకూర లాంటిదే), కందిపప్పు, పచ్చిమిరపకాయలు, టమాట, చింతపండుతో కలిపి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి, వెల్లుల్లి తిరగవాత పెట్టి వేడి సంగటిలో తినండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే.

వేళ్లతో సహా పీకొద్దు. ఇసుక గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఈ తీగే, కొసలు గిల్లుకుంటే చాలు. గిల్లిన కాడని కుండీలో ఇసుకమట్టిలో గుచ్చినా బతుకుతుంది, మా మేడ మీద ఉన్నది అలా పెట్టిందే. రొయ్యల గుంటల నీళ్లు వదిలే కాలవల పక్కన ఎంత పచ్చగా కనిపించినా ముట్టుకోకండి, సీసం, కాడ్మియం లాంటివి ఉంటే వాటినీ ఉప్పుతోపాటే లాగేసుకునే మొక్క ఇది.